గాయం మాన్పే ఎంజైము, దాక్కున్న పురుగు

నిడదవోలు జంక్షన్‌లో ప్రధాన రైలు మార్గం నుంచి ఒక లైను విడిపోయి భీమవరం మీదుగా నరసాపురం వెళుతుంది. ఆ లైను వెంబడి ఊళ్ళలోనూ, గోదావరి దాటి రాజమండ్రి, కోనసీమ వైపూ బోదకాలు అంటే ఏమిటో పాతతరం వాళ్ళకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. ముందు చలిజ్వరం వస్తుంది. గజ్జల్లో బిళ్ళ కడుతుంది. నాలుగు రోజులు బాధపెట్టి తగ్గిపోతుంది. కొన్ని నెలలకు మళ్ళీ అదే వరస. ఏళ్ళు గడిచాక ఒకసారి వచ్చిన వాపు ఇక తగ్గదు. మగవాళ్ళలో చాలామందికి ఈ జబ్బు వరిబీజంగా బయటపడుతుంది.

కాలు వాచిన మనిషిని చూసి అందరూ పక్కకు తప్పుకుంటారు. కానీ అతని రక్తం పరీక్ష చేస్తే, చాలాసార్లు అందులో పురుగు జాడే ఉండదు. పురుగులు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి, అవి పాడుచేసిన నాళాలు మిగిలి ఉంటాయి. ఆ పక్కింట్లో ఏ వాపూ, ఏ జ్వరమూ లేకుండా పొలం పనికి వెళ్ళొస్తున్న కుర్రవాడి రక్తంలో వేలాది పురుగు పిల్లలు తిరుగుతూ ఉండవచ్చు. దోమకు, ఊరికి జబ్బు అంటేది ఆ కుర్రవాడి నుంచే. కాబట్టి ఫైలేరియాను కాలు చూసి పట్టలేం. రక్తంలో వెతకాలి, లేదా దోమలో వెతకాలి.

ఆ వెతుకులాటకు మన చేతికొచ్చిన అతి పదునైన పనిముట్టు పురుగుల మీద పరిశోధనలోంచి పుట్టలేదు. డీఎన్ఏకు దెబ్బ తగిలితే బ్యాక్టీరియా ఎలా కోలుకుంటుందో తెలుసుకోవాలనుకున్న వాళ్ళు దాని గుణం కనిపెట్టారు. ఈ అధ్యాయం ఆ రెండు దారులు కలిసిన చోటు గురించి.

రాత్రిపూట రక్తం

మన జిల్లాల్లో ఫైలేరియాకు కారణమైన పురుగు పేరు ఉచరేరియా బాంక్రాఫ్టి. ఆడ పురుగు దారంలా సన్నగా, ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవుంటుంది. మగది అందులో సగం. రెండూ శోషరస నాళాల్లో చుట్టలు చుట్టుకుని ఏళ్ళ తరబడి బతుకుతాయి. అక్కడికి సూదితో చేరడం కుదరదు. మనకు అందేది అవి కనే పిల్లలే. వాటిని మైక్రోఫైలేరియాలంటారు. ఒక్కోటి మిల్లీమీటరులో నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. 1872లో కలకత్తాలో తిమొతీ లూయిస్ వీటిని మనిషి రక్తంలో చూశాడు. అయిదేళ్ళ తరవాత, 1877లో, చైనా రేవుపట్నం అమోయ్‌లో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ అవి దోమలో పెరుగుతాయని తేల్చాడు. ఒక పురుగు జబ్బుకు కీటకం వాహకమని తేలడం అదే మొదలు. మైక్రోఫైలేరియాలు పగలు రక్తంలో కనిపించక, రాత్రి గుంపులుగా కనిపిస్తాయని లెక్కలు వేసి చూపినవాడూ మాన్సనే.

పగలు అవి ఊపిరితిత్తుల్లోని రక్తనాళాల్లో ఆగి ఉంటాయి. మనిషి నిద్రపోయే వేళకు చర్మానికి దగ్గరగా ఉన్న సన్నని నాళాల్లోకి వస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ ఆ వేళలోనే. ఈ దోమ సాధారణంగా పారే పంటకాలువలో గుడ్లు పెట్టదు. ఇళ్ళ వెనక నిలిచిన మురుగు, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకు, చెత్త అడ్డుపడి ఆగిన డ్రెయిను దానికి కావాలి. ఊరు పట్టణమవుతున్న కొద్దీ, మురుగు పోయే దారి లేకపోతే, దోమకు చోటు పెరుగుతుంది.

పురుగు రాత్రి బయటికొస్తుంది కనుక సిబ్బందీ రాత్రే వెళ్ళాలి. దేశంలో 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక రాత్రి రక్త సర్వే దానికి వెన్నెముక అయింది. రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఇంటింటికీ వెళ్ళి, పడుకున్నవాళ్ళను లేపి, వేలి కొస పొడిచి, గాజు స్లైడు మీద మందంగా రక్తం పూసి ఆరబెట్టడం. మర్నాడు ఎర్రదనం పోయేలా నీటిలో ఉంచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద మూల నుంచి మూలకు చూడడం. ఈ పని నేర్పడానికీ, దీని మీద పరిశోధనకూ కోళికోడ్, వారణాసిలతో పాటు రాజమండ్రిలోనూ జాతీయ అంటువ్యాధుల సంస్థ శాఖ ఉంది. ఆ సంస్థను ఇప్పుడు జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం అంటున్నారు. నిడదవోలుకు అది నది అవతలే.

స్లైడు మీద పూసే రక్తం మొదట్లో 20 మైక్రోలీటర్లు. పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అంటే మనం చూసేది రెండున్నర లక్షల వంతుల్లో ఒక్క వంతు. మిల్లీలీటరుకు ఒక్క మైక్రోఫైలేరియా చొప్పున ఉన్న మనిషి ఒంట్లో మొత్తం అయిదు వేల దాకా ఉంటాయి. అయినా 20 మైక్రోలీటర్ల చుక్కలో ఒకటి దొరికే అవకాశం నూటికి రెండే. చుక్కను మూడింతలు చేసి 60 మైక్రోలీటర్లు తీసినా అది నూటికి ఆరుకు మించదు. జబ్బు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఈ లోపం పెద్దగా బాధించలేదు. చాలామంది రక్తంలో పురుగులు దండిగా ఉండేవి, ఏదో ఒక స్లైడు పట్టించేది. జబ్బు తగ్గాక ఈ లెక్కే అడ్డం తిరుగుతుంది.

సుబ్బారావు మాత్ర

నిడదవోలులో విడిపోయిన ఆ లైను మీద ఉన్న భీమవరంలోనే 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతి తయారుచేశాడు. 1925లో అచ్చయిన ఆ పద్ధతి తరాల తరబడి ప్రయోగశాలల్లో నడిచింది. కంటికి కనిపించనిదాన్ని లెక్కకు తేవడం ఆయన మొదటి విద్య అన్నమాట.

1940లో ఆయన లెడర్లీ కంపెనీ ప్రయోగశాలకు వెళ్ళాడు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో దిగిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో లెడర్లీలో ఆ జబ్బుకు మందు వెతకడం మొదలైంది. మనిషి ఫైలేరియా ఎలకలో పెరగదు. అందుకని కాటన్ ఎలుకల్లో సహజంగా బతికే మరో ఫైలేరియా పురుగు మీద వందలాది రసాయనాలు ప్రయోగించి చూశారు. అలా దొరికింది డైఇథైల్ కార్బమజైన్. 1947లో సుబ్బారావు బృందం దాన్ని ప్రకటించింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశాడు. మన ఊళ్ళలో ఆశా కార్యకర్త చేతిలో పెట్టి మింగించే డీఈసీ మాత్ర అదే.

మందుగా దాని పేరు అందరికీ తెలుసు. పరీక్షగా దాని ఉపయోగం తక్కువమందికి తెలుసు. పగటిపూట చిన్న మోతాదు డీఈసీ ఇస్తే, గంటలోపే దాక్కున్న మైక్రోఫైలేరియాలు పైరక్తంలోకి వచ్చేస్తాయి. రాత్రిదాకా ఆగకుండా అప్పుడు రక్తం తీసి చూడవచ్చు.

ఆ తరవాత వచ్చిన చీటీ పరీక్ష పురుగును చూడకుండానే దాన్ని పట్టిస్తుంది. పెద్ద పురుగు వదిలే ఒక ప్రొటీను రక్తంలో ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. వేలి కొస నుంచి 75 మైక్రోలీటర్ల రక్తం తీసి చీటీ మీద వేస్తే, పది నిమిషాల్లో గీత పడుతుంది. పగలైనా రాత్రైనా ఒకటే. పిల్లలు కనని పురుగు సైతం దొరుకుతుంది. అయితే పురుగు చచ్చాక కూడా ఆ ప్రొటీను చాలాకాలం రక్తంలో ఉండిపోతుంది. అందుకే జబ్బు వ్యాప్తి ఆగిందో లేదో చూడడానికి ఆరేడేళ్ళ పిల్లల్ని పరీక్షిస్తారు. మాత్రల పంపిణీ మొదలయ్యాక పుట్టినవాళ్ళలో గీత పడితే, ఆ పురుగు ఈమధ్యే వచ్చిందని అర్థం.

బ్యాక్టీరియాకు దెబ్బ తగిలితే

ఇప్పుడు రెండో దారికి వద్దాం. ఎండలోని అతినీలలోహిత కిరణం డీఎన్ఏ మీద పడితే, పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్ అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కాపీ తీసే యంత్రాంగం అక్కడ ఆగిపోతుంది. కిరణాలే అక్కర్లేదు, ఒంటి వేడికి, నీటికి కూడా డీఎన్ఏ పాడవుతుంది. మనిషి ఒక్కో కణంలో రోజుకు వేల సంఖ్యలో ఇలాంటి దెబ్బలు తగులుతుంటాయి. అయినా బతుకుతున్నామంటే ఎవరో ఎడతెగకుండా బాగుచేస్తున్నారన్నమాట.

ఆ బాగుచేసే పద్ధతి ముందుగా తెలిసింది మన పేగుల్లో బతికే ఈ-కోలై బ్యాక్టీరియాలోనే. 46 లక్షల అక్షర జంటలున్న దాని డీఎన్ఏ మీద అతినీలలోహిత కిరణాలు పడ్డాక, అతుక్కుపోయిన అక్షరాలున్న ముక్కను కణం కత్తిరించి పారేస్తుందని 1964లో అమెరికాలో రెండు బృందాలు విడివిడిగా చూపాయి. కాలువ గట్టుకు చెడిన చోట మట్టి తవ్వి తీసేశాక కొత్త మట్టి పోసి పూడ్చకపోతే గట్టు నిలవదు. డీఎన్ఏలోనూ అంతే, ఎదుటి పోగును చూసి తీసేసిన అక్షరాలు తిరిగి నింపాలి. నింపేది ఎవరు?

జవాబు అప్పటికే సీసాలో ఉంది. 1956లో ఆర్థర్ కోర్న్‌బర్గ్ ఈ-కోలై నుంచి డీఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైమును వేరుచేశాడు. డీఎన్ఏ పోగును చూసి దానికి జోడు పోగు అల్లగల మొదటి ఎంజైము అది. 1959లో ఆయనకు నోబెల్ వచ్చింది. కణం రెండుగా చీలేటప్పుడు మొత్తం డీఎన్ఏను కాపీ తీసేది ఇదేనని చాలామంది అనుకున్నారు. జాన్ కెయిర్న్స్‌కు అనుమానం వచ్చింది. 1969లో ఆయనా, పౌలా డి లూసియా అనే సహపరిశోధకురాలూ కలిసి, ఆ ఎంజైము దాదాపు పనిచేయని ఈ-కోలై కోసం వేలాది కాలనీలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. చివరికి ఒకటి దొరికింది. అది మామూలుగానే పెరిగింది. కానీ అతినీలలోహిత కిరణాలు తగిలితే మామూలు బ్యాక్టీరియా కన్నా తేలిగ్గా చచ్చిపోయింది. అంటే మొత్తం డీఎన్ఏ కాపీ తీసే ప్రధాన భారం వేరే ఎంజైముది, కోర్న్‌బర్గ్ ఎంజైముది ముఖ్యంగా ఖాళీలు పూడ్చి దెబ్బలు బాగుచేసే పని.

బాగుచేసే చేతులతో వెతుకులాట

1983లో కేరీ ముల్లిస్‌కు పీసీఆర్ ఆలోచన వచ్చింది. డీఎన్ఏను వేడిచేస్తే రెండు పోగులు విడిపోతాయి. మనం వెతికే భాగానికి రెండు కొసలా అతుక్కునే చిన్న ముక్కలు వేసి చల్లబరచి, పాలిమరేజ్‌తో జోడు పోగులు అల్లిస్తే ఆ భాగం రెట్టింపవుతుంది. మళ్ళీ వేడి, మళ్ళీ అల్లిక. ముప్పై చుట్లు తిరిగితే లెక్క ప్రకారం ఒక్క ప్రతి 107 కోట్లవుతుంది.

మొదటి ప్రయోగాల్లో వాడింది కోర్న్‌బర్గ్ ఎంజైము ముక్కనే. చిక్కేమిటంటే వేడిచేసిన ప్రతిసారీ అది చచ్చిపోయేది, ప్రతి చుట్టుకూ కొత్తగా పోయాల్సి వచ్చేది. అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో థామస్ బ్రాక్ కనుగొన్న థెర్మస్ అక్వాటికస్ బ్యాక్టీరియా ఆ చిక్కు తీర్చింది. అంత వేడి నీటిలో బతికే ఆ జీవి డీఎన్ఏను బాగుచేసుకునే ఎంజైము కూడా ఆ వేడికి తట్టుకోవాలి కదా. టాక్ పాలిమరేజ్ అని పేరుపడిన ఆ ఎంజైము కోర్న్‌బర్గ్ ఎంజైముకు సొంత వంశపుది. 1988 నుంచి పీసీఆర్ దాని మీదే నడుస్తోంది. ఒకే వేడిమిలో, యంత్రం లేకుండా, గంటలో ఫలితమిచ్చే ల్యాంప్ అనే పద్ధతి 2000లో జపాన్ నుంచి వచ్చింది. అందులో వాడే ఎంజైము మరో వేడి బ్యాక్టీరియాది, అదీ ఆ వంశమే.

మరి పురుగు డీఎన్ఏలో ఏ భాగాన్ని వెతకాలి? ఉచరేరియా డీఎన్ఏలో 188 అక్షరాల మాట ఒకటి వందలసార్లు మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక్క ప్రతి ఉన్న జన్యువును వెతకడం కన్నా దీన్ని వెతకడం ఎంతో తేలిక. 1996లో దీని ఆధారంగా వచ్చిన పీసీఆర్ పరీక్షకు మొత్తం మైక్రోఫైలేరియా కూడా అక్కర్లేదు, దాని డీఎన్ఏలో నూరో వంతు ఉన్నా దొరికిపోతుంది. మనిషి డీఎన్ఏలో గానీ దోమ డీఎన్ఏలో గానీ ఆ మాట లేదు. కాబట్టి పొరపాటుపడే వీలు తక్కువ.

దీని అసలు బలం దోమల దగ్గర తెలుస్తుంది. పూర్వం దోమను పట్టి, సూది మొనతో తల, రొమ్ము, పొట్ట విడదీసి, మైక్రోస్కోపు కింద పురుగు కోసం చూసేవారు. ఓపిక, చూపు రెండూ ఉన్నవాళ్ళకే అది సాధ్యం, అదీ రోజుకు కొన్ని దోమలే. పీసీఆర్‌తో ఇరవై ముప్పై దోమలను ఒక పొట్లంగా కలిపి నూరి ఒకే పరీక్ష చేయవచ్చు. ఒక పొట్లంలో పురుగు డీఎన్ఏ గీత పడలేదంటే అందులోని దోమలన్నీ శుభ్రమే. గీత పడితే చుట్టుపక్కల ఎవరి రక్తంలోనో మైక్రోఫైలేరియాలున్నాయన్నమాట. ఆ దోమ జబ్బు అంటించే స్థితిలో ఉందని మాత్రం కాదు. దోమలో పురుగు పిల్ల అంటించే దశకు ఎదగడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, డీఎన్ఏకు ఆ తేడా తెలియదు. మనుషులు రాత్రి నిద్ర చెడగొట్టుకుని వేలు చాపనక్కర్లేకుండా, ఊరి సంగతి దోమ చెబుతుంది.

యురాసిల్ కథ

కోటాను కోట్ల ప్రతులు తయారుచేసే పరీక్షకు కోటాను కోట్ల ప్రమాదాలుంటాయి. నిన్నటి ప్రతుల్లో ఒకటి గాలిలో కొట్టుకొచ్చి ఇవాళ్టి గొట్టంలో పడితే, పురుగు లేని దోమలోనూ పురుగు ఉన్నట్టు చూపిస్తుంది. దీనికి విరుగుడు కూడా బ్యాక్టీరియా మరమ్మతుశాలలోంచే వచ్చింది.

డీఎన్ఏలోని సైటోసిన్ అక్షరం అప్పుడప్పుడు తనంతట తానే యురాసిల్‌గా మారిపోతుంది. అలా వదిలేస్తే తరవాతి కాపీలో తప్పు పడుతుంది. ఈ యురాసిల్‌ను ఏరి తీసేసే ఎంజైమును 1974లో టోమస్ లిండాల్ ఈ-కోలైలో కనిపెట్టాడు. డీఎన్ఏ మరమ్మతు మీద పనికి పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లతో పాటు ఆయనకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. పీసీఆర్ చేసేవాళ్ళు థైమిన్‌కు బదులు కావాలనే యురాసిల్ పెట్టి ప్రతులు తీస్తారు. మర్నాడు పరీక్షకు ముందు గొట్టంలో లిండాల్ ఎంజైము వేస్తే, నిన్నటి ప్రతులు ముక్కలైపోతాయి. దోమలోంచి వచ్చిన అసలు డీఎన్ఏలో థైమిన్ ఉంటుంది కాబట్టి దానికేమీ కాదు.

సుబ్బారావు దారి ఇక్కడ మళ్ళీ తగులుతుంది. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులు ఆయన నడిపిన లెడర్లీ ప్రయోగశాలలోంచే వచ్చాయి. 1947 చివర బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు వాడి, కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గడం చూశాడు. ఫోలేట్ లేకపోతే కణం థైమిన్ చేసుకోలేదు. అప్పుడు డీఎన్ఏలోకి యురాసిల్ దూరుతుంది. మరమ్మతు ఎంజైము దాన్ని తీసేస్తుంది, ఆ ఖాళీలో మళ్ళీ యురాసిలే వచ్చి పడుతుంది. తీసి పెట్టి, తీసి పెట్టి చివరికి డీఎన్ఏ తెగిపోతుంది. థైమిన్ అందని ఈ-కోలై ఆకలితో ఆగిపోకుండా ఏకంగా చచ్చిపోతుందని 1954లో సేమూర్ కోహెన్, హేజెల్ బార్నర్ గమనించారు. అలా ఎందుకు చస్తుందన్న ప్రశ్న మీద పరిశోధన ఇప్పటికీ సాగుతూనే ఉంది.

మరో కోణమూ ఉంది. పురుగు మందు కొన్నిసార్లు మనిషి డీఎన్ఏకే చేటు చేయవచ్చు. రక్తనాళాల్లో బతికే షిస్టోసోమా పురుగుకు ఒకప్పుడు సూదిగా ఇచ్చిన హైకాంథోన్ బ్యాక్టీరియాలో ఉత్పరివర్తనలు తెస్తుందని 1971లో తేలింది. ఆ తరవాత కొద్ది ఏళ్ళకే బ్రూస్ ఏమ్స్ సాల్మొనెల్లాతో చేసే సులువైన పరీక్షను ప్రచారంలోకి తెచ్చాడు. హిస్టిడిన్ చేసుకోలేని బ్యాక్టీరియాకు మందు తగిలించి, ఎన్ని కాలనీలు మళ్ళీ ఆ శక్తి తెచ్చుకున్నాయో లెక్కపెట్టడమే ఆ పరీక్ష. జబ్బు లేనివాళ్ళ చేత కూడా కోట్ల సంఖ్యలో మాత్రలు మింగించే కార్యక్రమాలకు ఇలాంటి వడపోత తప్పనిసరి.

లేదని చెప్పడానికి ఎంత వెతకాలి?

2004 నుంచి మన దేశంలో జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి డీఈసీ మాత్ర పంచుతున్నారు, దానికి తరవాత ఆల్బెండజోల్ కూడా తోడైంది. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలిపారు. ఫైలేరియాను 2027 నాటికి దేశంలో నిర్మూలించాలన్నది ప్రభుత్వ లక్ష్యం. మాత్ర వేసుకోనని మొరాయించేది ఎక్కువగా ఏ వాపూ లేనివాళ్ళే. నాకేమీ లేదు కదా అంటారు. ఈ అధ్యాయమంతా చెప్పింది ఆ మాటకు జవాబే: వాపు లేకపోవడం పురుగు లేదనడానికి రుజువు కాదు.

రుజువు ఎంత ఖరీదైనదో ఒక చిన్న లెక్క చెబుతుంది. మూడు వందల మందిని పరీక్షించి ఒక్కరిలోనూ పురుగు దొరకలేదనుకోండి. అప్పటికీ గట్టిగా చెప్పగలిగేది జబ్బు నూటికి ఒకరి కన్నా తక్కువని మాత్రమే. వెయ్యికి ఒకరి కన్నా తక్కువని చెప్పాలంటే మూడు వేల మందిలో సున్నా రావాలి. జబ్బు పదింతలు తగ్గితే వెతుకులాట పదింతలు పెరుగుతుంది. ఆఖరి రోగి కనిపించి ఏళ్ళయింది కనుక ప్రయోగశాల మూసేద్దామనే ఆలోచన సరిగ్గా ఆ సమయంలోనే వస్తుంది, సరిగ్గా అప్పుడే అది తప్పు. నిడదవోలు లాంటి పట్టణంలో దోమల పొట్లాలు గీత పడకుండా ఏడాది వెంట ఏడాది తిరిగి రావాలి. అవి తిరిగి వస్తున్నంతకాలం వాటిని పట్టేవాళ్ళకూ, నూరేవాళ్ళకూ జీతం అందుతుండాలి.